మడ ఆకు లోపలి బూజు, జన్యువుల వేట

కోరంగి మడ అడవిలో తెల్ల మడ, తిల్ల చెట్ల ఆకుల కణజాలంలో, పైకి ఏ మచ్చా కనబడకుండా బతికే శిలీంధ్రాలుంటాయి. మందుకు పనికొచ్చే రసాయనం ఏది చేస్తుందో తెలియడానికి అన్నిటినీ పెద్ద ఎత్తున పెంచి చూడక్కర్లేదు. ముందు జన్యువులు చూస్తే వడపోత తేలికవుతుంది.

అటవీ శాఖ అనుమతితో, నీరు తీసిన పాటు వేళ తెగులు లేని ముదురు ఆకులు కోయాలి. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, అద్దాలు తప్పనిసరి. ఆకుల్ని ఐసు పెట్టెలో తెచ్చి 24 గంటల్లో పని మొదలుపెట్టాలి.

అసలు గెలుపోటములు ఆకు పైభాగాన్ని శుద్ధి చేయడంలోనే. బురద పోయేదాకా కడిగి, 70% ఇథనాల్‌లో 1 నిమిషం, 2% సోడియం హైపోక్లోరైట్‌లో 2 నిమిషాలు, మళ్లీ ఇథనాల్‌లో 30 సెకన్లు ముంచి, శుద్ధమైన నీటితో 3 సార్లు కడగాలి. మూత తీసిన బ్లీచ్ (ఈ హైపోక్లోరైట్ ద్రావణమే) సీసా మన ఎండలకు త్వరగా చప్పబడుతుంది, పాతది వాడకండి. ఆ ఆకును ఇంకేమీ పెట్టని ఓ అగార్ (శిలీంధ్రాలు పెరిగే పోషక జెల్లీ) ప్లేటు మీద అద్ది ఉంచండి. అక్కడ ఆస్పర్‌జిల్లస్ (గాలిలో తిరిగే మామూలు బూజు) మొలిస్తే ఆ విడత మొత్తం పారేయాల్సిందే. ఎంత కష్టపడి తెచ్చినా సరే.

5 మి.మీ. ఆకు ముక్కల్ని క్లోరాంఫెనికాల్ (బాక్టీరియాను ఆపే మందు) కలిపిన బంగాళాదుంప అగార్‌పై పెట్టి, బయటికి వచ్చిన శిలీంధ్రపు పోగు కొసను రోజూ వేరుచేయాలి. ఆలస్యమైతే జోరుగా పెరిగేది మిగతావాటిని కమ్మేస్తుంది.

డీఎన్‌ఏ లేత పోగుల నుంచే తీయండి. నల్లబడ్డవాటిలోని మెలనిన్ అనే నల్ల రంగు పదార్థం పీసీఆర్‌ను (కావలసిన డీఎన్‌ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతి) ఆపేస్తుంది. ఆ డీఎన్‌ఏను 10 రెట్లు, 50 రెట్లు పలచన చేసి చూడండి. మొదట ఐటీఎస్ (శిలీంధ్రాలన్నిటిలో ఉండే, జాతి గుర్తింపుకు వాడే డీఎన్‌ఏ భాగం) ముక్క రావాలి. అదే రాకపోతే, పాలీకీటైడ్ సింథేజ్ (మందుకు పనికొచ్చే రసాయనాలు ఎన్నిటినో చేసే ఎంజైమ్) జన్యువు కోసం ఎల్‌సీ1, ఎల్‌సీ2సీ ప్రైమర్లతో (ఆ జన్యువుకు అతుక్కునే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు) చేసిన పీసీఆర్‌లో బ్యాండ్ (ఆ జన్యువు ముక్క దొరికిందని జెల్ మీద చూపే గీత) లేదన్న మాటకు అర్థమే లేదు. సుమారు 700 బేస్‌ల బ్యాండ్ వచ్చినా సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాల వరుస చదవడం) చేయించకుండా లెక్కలో వేయకూడదు.

1993లో అమెరికాలో యూ చెట్టు శిలీంధ్రం టాక్సోమైసిస్ ఆండ్రియానేలో క్యాన్సర్ మందు టాక్సాల్ ఉందన్నారు. 2013లో దాని జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) చదివితే టాక్సాల్ తయారీకి కావలసిన జన్యువులు కనబడలేదు. మరోవైపు, జన్యువు ఉన్నా అది పనిచేయకుండా నిద్రపోతూ ఉండొచ్చు.

అందుకే బ్యాండ్ వచ్చినవాటిని ద్రవంలోనే కాక బియ్యం మీదా పెంచాలి: లీటరు ఫ్లాస్కులో 100 గ్రాముల బియ్యం, అంతే నీరు, ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో శుద్ధి) చేశాక శిలీంధ్రం వేసి 3, 4 వారాలు. ఇథైల్ అసిటేట్ అనే ద్రావణితో సారం తీసేటప్పుడు శిలీంధ్రం వేయని బియ్యం ఫ్లాస్కునూ పక్కనే అలాగే నడపండి. బియ్యంలోని కొవ్వు ఆమ్లాలే బాక్టీరియాను అణచి, కొత్త మందు దొరికిందని భ్రమపెట్టగలవు.