కొచబాంబ సంతలో కొసరు

బొలీవియా వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది లా పాస్‌లో దిగి, ఉయునీ ఉప్పు మైదానంలో ఫొటోలు తీసుకుని తిరుగుముఖం పడతారు. కొచబాంబ ఊసే ఎత్తరు. ఎత్తినవాళ్లు కూడా కొండమీది క్రీస్తు విగ్రహం చూసి రమ్మంటారు. ఆ విగ్రహం 34 మీటర్లు, రియోలో ఉన్నదానికంటే పెద్దది, 1994లో పూర్తయింది, కేబుల్ కారెక్కితే లోయంతా కనిపిస్తుంది. గంటలో అయిపోయే పని. మెట్లదారిన మాత్రం నడవొద్దు, అక్కడ దోపిడీలు మామూలే. మిగతా మూడు రోజులూ నేను తిరిగింది లా కాంచా అనే సంత ఒక్కటే. రాయాల్సిందీ దాని గురించే.

ముందు ప్రయాణం వరస సరిచూసుకోండి. సాంతా క్రూస్ 400 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కొచబాంబ 2,560, లా పాస్ 3,640. మొదట సాంతా క్రూస్, తర్వాత కొచబాంబలో రెండు మూడు రాత్రులు, ఆ తర్వాత లా పాస్. ఇలా మెట్టుమెట్టుగా ఎక్కితే తలనొప్పి, ఆయాసం చాలావరకు తప్పుతాయి. నేను తలకిందులుగా వెళ్లి, లా పాస్‌లో రెండు రోజులు హోటల్ పైకప్పు చూస్తూ పడుకున్నాను.

లా పాస్ నుంచి బస్సు ఎనిమిది గంటలు. కరకొల్యో దాకా చెట్టూచేమా లేని పీఠభూమి, అక్కడ తూర్పుకి మళ్లి 4,000 మీటర్లు దాటిన కనుమలెక్కి, మలుపులు మలుపులుగా లోయలోకి దిగుతుంది. రాత్రి బస్సయితే దుప్పటి మీదే తెచ్చుకోండి, హీటరుందని కౌంటర్లో చెప్పిన మాట నమ్మొద్దు. టికెట్ డబ్బులు కాక టెర్మినల్ వాడుకున్నందుకు వేరే చీటీ కొనాలి. అది లేకపోతే ప్లాట్‌ఫారం గేటు దగ్గర వెనక్కి పంపుతారు, అప్పుడు బస్సు కదిలే వేళకి పరుగు. అసలు బెడద రాస్తా రోకో. లా పాస్, సాంతా క్రూస్‌లను కలిపే రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది కాబట్టి ఎవరికి కోపమొచ్చినా ఇక్కడే రాళ్లడ్డం పెడతారు. దాన్ని బ్లొకేయో అంటారు. రహదారుల శాఖ మ్యాపులో ఆ పూట ఏ దారి మూశారో చూపిస్తారు, టికెట్ కొనేముందు అది చూడండి. మూసి ఉంటే విమానమే గతి, ముప్పావుగంటలోపే చేరుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి దింపే బస్సెక్కితే వెలుతురు వచ్చేదాకా టెర్మినల్ లోపలే కూర్చోండి. పక్కనున్న కొరొనీయా గుట్ట చూడదగ్గదే. 1812 మే 27న ఊరి ఆడవాళ్లు స్పెయిన్ సైన్యాన్ని ఎదిరించింది అక్కడే, దాని గుర్తుగానే బొలీవియాలో మే 27న మాతృదినోత్సవం. కానీ పగలు, అదీ నలుగురితో కలిసి.

సెప్టెంబర్ 14 ప్లాసా అనే కూడలి నుంచి దక్షిణంగా నడిచి అరోమా రోడ్డు దాటితే లా కాంచా మొదలవుతుంది. ఎక్కడ ముగుస్తుందో నాకు మూడు రోజుల్లోనూ తేలలేదు. రోజూ ఉంటుంది కానీ బుధ, శనివారాలు అసలు సంత. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లనుంచి లారీలు దిగుతాయి, సరుకు తాజా, జనం కిటకిట. కొనడానికి ఆ రోజులు, తీరిగ్గా తిరగడానికి సోమవారమో గురువారమో. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా మంచి వేళ. ఫోన్లో మ్యాపు చూస్తూ నడవడం దండగ, దొంగలకి చూపించినట్టే. సంచీ ముందువైపు వేసుకోవాలి, బ్లేడుతో అడుగు కోసేవాళ్లున్నారు. ఎవరైనా భుజంమీద ఏదో పడిందని తుడవబోతే ఆగొద్దు. దారి తెలియడానికి సరుకు పేరు చెప్పి అడగడమే పద్ధతి: బంగాళాదుంపల వరస ఎటు, టోపీల వరస ఎటు, కుండల వరస ఎటు. గుర్తుగా సాన్ ఆంతోన్యో పాత రైల్వే స్టేషన్ పెట్టుకోండి. 2022లో మొదలైన లోకల్ రైలు కూడా అక్కడినుంచే బయల్దేరుతుంది.

లోయకి ఈ బేరాలు కొత్తవి కావు. ఇంకా సామ్రాజ్యపు రాజు వయ్నా కపాక్ ఇక్కడ మొక్కజొన్న పండించడానికి 14 వేలమందిని వేరే ప్రాంతాలనుంచి తరలించాడని పాత దావా కాగితాల్లో ఉంది. కొతపాచీలో ఆ గింజలు నిలవచేసిన గాదెల పునాదులు వందల సంఖ్యలో బయటపడ్డాయి. స్పెయిన్ వాళ్లొచ్చాక అదే పంట పొతొసీ వెండిగనుల కూలీల కడుపు నింపింది.

ఇక తూకాలు. కిలో అనే మాట వినిపిస్తుంది కానీ దుంపల దగ్గర చెల్లేది అర్రోబా. అర్రోబా అంటే 25 లీబ్రాలు (పౌన్లు), పదకొండున్నర కిలోలు. నాలుగు అర్రోబాలు ఒక కింతాల్, అంటే 46 కిలోలు. మన క్వింటాలు వంద కిలోలనుకుని ధర లెక్కేస్తే సగానికి పైగా తేడా కొడుతుంది. అర్రోబాలో నాలుగోవంతు క్వార్తీయా, ఇంటికి కొనేవాళ్లు అడిగేది అదే. చిత్రమేమంటే మన పాత మద్రాసు మణుగు కూడా 25 పౌన్లే. మణుగుకి ఎనిమిది వీశెలు కాబట్టి క్వార్తీయా అంటే లెక్కకి సరిగ్గా రెండు వీశెలు. మా తాతల కాలంలో చచ్చిపోయిన కొలత అక్కడ ఇంకా అరుపుల్లో వినిపిస్తుంటే చెవులు రిక్కించాల్సి వచ్చింది. మోసమూ మనదే: బస్తాపైన పెద్ద దుంపలు, అడుగున గోళీలు. సగం కుమ్మరించి చూపించమంటే ఏమీ అనుకోరు.

రకాలు చాలా ఉన్నాయి కానీ రెండు మూడు తెలిస్తే చాలు. వైచా ఉడికిస్తే తొక్క పగిలి పిండిపిండిగా అవుతుంది. పపాలీసా పసుపు మీద గులాబీ చుక్కలతో చిన్నగా ఉంటుంది, ఉడికినా కొంచెం జిగురు పోదు, మనకి చేమదుంప గుర్తొస్తుంది. ఓకా కొన్నాక కొన్ని రోజులు ఎండలో పెట్టాలి, అప్పుడే తీపి తేలుతుంది. నల్ల గులకరాళ్లలా కుప్పపోసి ఉండేవి చూన్యో. పీఠభూమిలో జూన్, జూలై నెలల్లో దుంపల్ని రాత్రిళ్లు మంచులో గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెడతారు. ఏళ్లు నిలవుంటుంది. రాత్రంతా నానబెట్టి, రెండుమూడుసార్లు నీళ్లు మార్చకపోతే చేదు. మార్చినా నాకు మట్టివాసనే తగిలింది.

బేరం విషయంలోనే నేను మొదటిరోజంతా తప్పు చేశాను. కోఠీలో ఆడినట్టు సగానికి అడిగితే అమ్మే ఆవిడ మొహం తిప్పేసుకుంటుంది, పక్కావిడ కూడా. తినే సరుకుకి ధర తగ్గించరు. కానీ తూకం అయ్యాక "యాపామే, కసేరీతా" అంటే ఇంకో గుప్పెడు వేస్తారు. యాపా అంటే కొసరు, అచ్చంగా మన కొసరే. ఆండీస్ కొండల స్థానిక భాష కెచ్వాలోని మాట. కసేరా అంటే అమ్మే ఆవిడా అవుతుంది, అలవాటుగా కొనే మనిషీ అవుతుంది. ఇద్దరూ ఒకరినొకరు అదే మాటతో పిలుచుకుంటారు. వరస ఇలా: ముందు "బ్వేనోస్ దీయస్", తర్వాత ధర, ఒప్పుకుంటే తూకం, సంచీలో పడ్డాక యాపా, ఆ తర్వాత డబ్బు. డబ్బిచ్చేశాక అడిగితే నవ్వి ఊరుకుంటారు. పళ్లరసం బండి దగ్గర యాపా అడక్కుండానే వస్తుంది. గ్లాసు సగం తాగి ముందుకి చాపితే జగ్గులో మిగిలింది పోస్తుంది. ఈ సంగతి తెలియక మొదటి గ్లాసు గటగటా తాగి వెళ్లిపోయినందుకు నాకిప్పటికీ బాధే. శాలువలు, స్వెట్టర్ల దగ్గర మాత్రం మామూలు బేరం నడుస్తుంది. అల్పాకా ఉన్ని అని చెప్పేవాటిలో సగం సింథటిక్. అంచు దారం ఒకటి లాగి అగ్గిపుల్ల చూపిస్తే తేలిపోతుంది: ఉన్ని జుట్టు కాలిన వాసనతో పొడి అయిపోతుంది, సింథటిక్ కరిగి ముద్ద కడుతుంది. చేయనిస్తే మంచి సరుకన్నమాట.

చిల్లర తలనొప్పి వేరే. ఏటీఎంలు 100, 200 బొలివియానోల నోట్లు కక్కుతాయి, సంతలో వాటిని చూడగానే "నో ఆయ్ కాంబ్యో" (చిల్లర లేదు) అంటారు. పెద్ద సూపర్ మార్కెట్లో మంచినీళ్ల సీసా కొని నోటు మార్చుకుని, 10, 20 నోట్లతో సంతకి రావాలి. డాలరు సంగతి: 2011 నుంచి ఏళ్ల తరబడి 6.96 బొలివియానోల దగ్గర కట్టేసి ఉంచారు, 2023లో డాలర్లకి కటకట వచ్చాక వీధిలో రేటు వేరు, బ్యాంకులో రేటు వేరు అయింది. వెళ్లేముందు రెండూ చూసుకోండి. అవసరమైన మేరకు డాలరు నోట్లే పట్టుకెళ్లండి, మడత, చిరుగు, స్టాంపు ఏదున్నా తీసుకోరు.

సంతలో నేను ఎక్కువసేపు నిలబడింది రోళ్ల వరసలో. వాళ్ల రోలు పేరు బతాన్, చూడ్డానికి పెద్ద సన్నికల్లు. నూరే రాయి మాత్రం పొత్రంలా గుండ్రం కాదు, అర్ధచంద్రం. ముందుకీ వెనక్కీ తోయరు, రెండు కొసలూ పట్టుకుని ఉయ్యాలలా అటూఇటూ ఊపుతారు. బరువంతా రాయిదే, చెయ్యి నొప్పి పుట్టదు. దానిమీద నూరే పచ్చడి ల్యాహ్వా. లొకోతో మిరపకాయ ఒకటి, టమాటాలు రెండు, కిర్కిన్య ఆకు నాలుగు రెమ్మలు, ఉప్పు. అంతే. పోపు లేదు, నూనె లేదు, పులుపుకి టమాటాయే. ముందు లొకోతోని ఉప్పుతో నూరి, ఆకు వేసి నలిపి, చివర్లో టమాటా. టమాటా ముందే వేస్తే రసం రాతిమీంచి జారిపోతుంది, మిరపకాయ నలగదు. మిక్సీలో వేస్తే నురగొచ్చి రంగు పాలిపోతుంది. పచ్చిది కాబట్టి ఆ పూటదే, సాయంత్రానికి పులుస్తుంది.

లొకోతో చూడ్డానికి చిన్న కాప్సికం, గింజలు నల్లగా ఉంటాయి. ఆ రూపం చూసి మోసపోవద్దు. గుంటూరు కారం నాలుక చివర్నే పలకరిస్తుంది. ఇది మింగాక, నెమ్మదిగా గొంతులో లేస్తుంది. గింజలూ, మధ్య తెల్లటి నరాలూ తీసేస్తే సగం తగ్గుతుంది. కండ మందం, నీరెక్కువ కాబట్టి ఎండబెట్టడం కుదరదు, కారప్పొడి అన్న మాటే లేదు. మిరపజాతి పుట్టినిల్లు ఈ చుట్టుపక్కలేనని చాలామంది వృక్షశాస్త్రవేత్తల మాట. వేరుశనగ పుట్టింది కూడా దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతంలోనే. అనంతపురం మనిషికి చెబితే నమ్మడు.

వేరుశనగ పులుసు, సోపా దె మనీ, ఇక్కడి రోజువారీ భోజనం. గింజల్ని వేయించకుండా పచ్చివే నానబెట్టి రుబ్బుతారు, అందుకే తెల్లగా ఉంటుంది. పైన వేయించిన దుంప ముక్కలు, కొత్తిమీర లాంటి ఆకు. పచ్చివాసన పోయేదాకా సన్నసెగ మీద కలుపుతూ ఉండాలి, వదిలితే పొంగి అడుగంటుతుంది. శాకాహారులు జాగ్రత్త: ముక్క కనపడకపోయినా నీరు ఎముకలదే. "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అంటే గొడ్డుమాంసం లేదని మాత్రమే అర్థం చేసుకుని కోడిముక్క వేసే చోట్లున్నాయి. "కోడి వద్దు, ఎముకల రసమూ వద్దు" అని విడిగా చెప్పాలి. నమ్మకంగా దొరికేవి ఉడికించిన మొక్కజొన్న కండె, జున్నులాంటి కెసీయో, బీన్స్, ఇంకా ఉమీంతా: లేత మొక్కజొన్న రుబ్బి, జున్ను పెట్టి, కండె ఆకులోనే చుట్టి ఆవిరిమీద ఉడికిస్తారు. మాంసం తినేవాళ్లకి సిల్పాంచో. కింద అన్నం, దుంప చక్రాలు, పైన కంచమంత వెడల్పుగా దంచి వేయించిన మాంసం, దానిమీద గుడ్డు, ఉల్లిపాయ టమాటా ముక్కలు. ఇద్దరికి ఒకటి చాలు. మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు, ఆ తర్వాత కుండలు కడిగేస్తారు.

ఊరు దాటి వెళ్లాలంటే ట్రూఫీ, నిర్ణీత దారిలో తిరిగే షేర్ బండి. ముందద్దంలో అంకె చూసి ఎక్కాలి. స్టాపులుండవు, దిగాల్సిన చోటికి కాస్త ముందే "ఎన్ లా ఎస్కీనా, పోర్ ఫవోర్" (ఈ మూలమీద, దయచేసి) అని గట్టిగా అరవాలి. మెల్లగా అంటే తర్వాతి మూలకి పోతారు. లోయలో మంగళవారం పునాతా, గురువారం తారాతా, ఆదివారం క్లీసా సంతలు, మన వారపు సంతల్లాగే. టైముంటే లా కాంచాకి బదులు పునాతాకి వెళ్లండి, బేరం నెమ్మదిగా సాగుతుంది, కొసరు పెద్దది.

ఇంటికి తెచ్చుకోవాలంటే బతాన్ బరువు, లొకోతో పచ్చిది, కిర్కిన్య రెండు రోజుల్లో వాడుతుంది. మిగిలింది ఉలుపీకా, మిరియమంత అడవి మిరప, వినిగర్లో ఊరేసి సీసాల్లో అమ్ముతారు. మూతకి టేపు చుట్టించి, ప్లాస్టిక్ సంచుల్లో రెండు పొరలు వేసి, చెకిన్ సామానులో బట్టల మధ్య పెట్టండి. చేతిసంచీలో ద్రవం కింద లెక్కేసి తీసేస్తారు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు మాత్రం చేతిసంచీలోనే ఉండాలి. బొలీవియా నుంచి వచ్చేవాళ్లని మన విమానాశ్రయంలో అది అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్. టీకా ప్రయాణానికి పది రోజుల ముందే పడాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు.