సందుల్లో సున్నం
ఈ వారం అంతా విజయనగరంలో మా తాతగారి ఇంటి దగ్గరే ఉన్నా. కోటకి దగ్గర్లో పాత సున్నపు ఇల్లు, ఆరేళ్ల క్రితం ఇటుకల సందులు రాలిపోతున్నాయని సిమెంటు పాయింటింగ్ చేయించాం, అంటే ఆ సందుల్లో సిమెంటు నింపించాం, గట్టిగా ఉంటుంది కదా అని. ఇప్పుడు చూస్తే సిమెంటు గీతలు అలాగే నిలబడి ఉన్నాయి, మధ్యలో ఇటుకలు మాత్రం పొడిపొడిగా రాలి లోపలికి పోయాయి, చూస్తే ఏడుపొచ్చింది నిజంగా.

పెద్ద మేస్త్రి ఒకాయన వచ్చి చేత్తో తడిమి "ఏటి బాబూ, గోడకి ఊపిరాడకుండా చేసీసినారు" అన్నాడు. గోడలోకెళ్లిన చెమ్మ సున్నం సందుల్లోంచి ఆరిపోవాలంట, సిమెంటు దాన్ని అడ్డుకుంటే ఆ నీళ్లూ ఉప్పూ మెత్తటి ఇటుకలోంచే బయటకొస్తాయి, ఇటుక పోతుంది. సందు రాలితే మళ్లీ నింపుకోవచ్చు, వందేళ్ల నాటి ఇటుక ఎక్కడ తెస్తాం?

ఆ సిమెంటు తీయడానికి గ్రైండర్ పెట్టనివ్వలేదు ఆయన, ఇటుక అంచులు తెగిపోతాయని. చిన్న ఉలి, సుత్తితోనే సందు వెడల్పుకి రెండింతల లోతు తీసి, దుమ్ము దులిపి, తడిపి, సున్నం ఇసక కలిపిన ముద్ద కూరాడు. తర్వాత తడి గోనెలు కప్పాం, సున్నం గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడాలి, ఎండకి తొందరగా ఆరితే పొడైపోద్ది.

సాయంత్రం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ కూడా ఆ రాళ్ల మధ్య సందులే చూస్తున్నా, 1713లో కట్టిన కోట గోడ పక్కన నడిచినా అంతే. పాత ఇల్లున్నవాళ్లు దయచేసి సిమెంటు కలిపే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రిని ఒక్కసారి పిలవండి. మాకింకా వెనక గోడ మిగిలింది, రేపు పొద్దున్నే గోనెలు తడపాలి.