సబ్‌మెరైన్ కన్నా ముందు దువ్వెన

ఆరు నెలలుగా ఐఎన్‌ఎస్ కుర్సురా సబ్‌మెరైన్ మోడల్ పట్టుకుని కూర్చున్నా. వైజాగ్ ఆర్‌కే బీచ్‌లో ఇసుక పక్కన నిలబెట్టారు చూడండి, అదే. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది. అసలుది 91 మీటర్లు. మొదట వందో వంతు చేద్దామనుకున్నా గానీ, 91 సెంటీమీటర్ల వస్తువు ఈ ఇంట్లో ఎక్కడ పెడతావురా అని అమ్మ అడిగేసరికి 1:144కి దిగాను. ఇప్పుడు 63 సెంటీమీటర్లు, టీవీ కింద పడుతుంది.

లోపలి అస్థిపంజరం యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు, లేజర్ మిషన్ మీద కోయించాలి. మధ్యలో వెన్నెముకలా పొడుగు పట్టీ, దానికి అడ్డంగా గుండ్రటి ఫ్రేములు, ఒకదాని గాడిలో ఇంకొకటి దిగాలి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీసేటప్పుడు షీటు 3 ఎంఎం కదా అని గాళ్లు కూడా 3 పెట్టేశా. అక్కడే దెబ్బతిన్నా. వెర్నియర్ పెట్టి చూస్తే షీటు 2.8 ఉంది, పైగా లేజర్ గీత వెంబడి కొంత కాల్చుకుంటూ పోతుంది కాబట్టి గాడి 3.2 అయి కూర్చుంది. ఫ్రేములన్నీ పాత ఆర్టీసీ బస్సు కిటికీల్లా గడగడా ఊగాయి. 1400 రూపాయలు గంగలో పోసినట్టే.

రెండోసారి బుద్ధిగా దువ్వెన ఒకటి గీశా. 2.5, 2.6, 2.7 అని వరసగా గాళ్లున్న అరచేతంత ముక్క, అదే షీటు మీద కోయించి ఏది బిగుతుగా పడుతుందో చూసుకోవడమే. 2.6 సరిపోయింది. షీటు మారితే దువ్వెన మళ్లీ కోయించాల్సిందే.

బాలానగర్‌లో నేను వెళ్లే కటింగ్ షాపు కుర్రాడు నాకన్నా తెలివైనవాడు. ఒకరోజు ఫైలు తెరిచి, "అన్నా, కొలత ఇంచుల్లో పెట్టినవా? పదహారు మీటర్లు చూపిస్తుంది, బీచ్‌ల పెడ్తవా ఏంది?" అన్నాడు. మిషన్‌కిచ్చే డీఎక్స్‌ఎఫ్ ఫైలులో యూనిట్ తప్పుగా పోయి, మిల్లీమీటర్లు ఇంచులైపోయాయన్నమాట. లోపలి రంధ్రాలు ముందు, బయటి గీత తర్వాత కోయాలని చెప్పింది కూడా అతనే. బయటిది ముందు తెగితే ముక్క జరిగిపోయి రంధ్రాలు పక్కకు పోతాయి.

అసలు కష్టం పైతొడుగు పక్కన వరసగా ఉండే కంతలు. సబ్‌మెరైన్ మునిగేటప్పుడు నీళ్లు లోపలికి, తేలేటప్పుడు బయటికి పోయే దారులవి, అవి లేకపోతే చూడ్డానికి పైపు ముక్కలా ఉంటుంది. పలచటి ప్లాస్టిక్ షీటు మీద ప్రయత్నిస్తే అంచులు నెయ్యిలా కరిగి ముద్దయ్యాయి. పీవీసీ అయితే షాపు కుర్రాడు మిషన్ దగ్గరికే రానివ్వడు, క్లోరిన్ కలిసిన విషవాయువు వస్తుంది, మనిషికీ మిషన్‌కీ చేటు. చివరికి పెళ్లిపత్రిక అట్ట పనికొచ్చింది! కంతకీ కంతకీ మధ్య గీసింది 0.8 ఎంఎం, లేజర్ కాల్చాక మిగిలింది 0.6, అయినా ఒక్కటీ తెగలేదు. కోశాక పలచగా ఫెవిక్విక్ పట్టిస్తే అట్ట గట్టిపడి సాండ్‌పేపర్‌కి కూడా తట్టుకుంటుంది. దూది మాత్రం వాడకండి, ఫెవిక్విక్ తగిలితే వేడెక్కి పొగలొస్తుంది, నా వేలికి ఆ గుర్తు ఇంకా ఉంది.

వెనక మూడు ప్రొపెల్లర్లు మిగిలాయి. వదులైపోయిన పాత ఫ్రేములు పారేద్దామని వెతికితే లేవు. మా అన్న కూతురు నాలుగు చేతికి ఎక్కించుకుని, గాజులు బాగున్నాయి బాబాయ్, ఎర్రవి కూడా చెయ్యి అంటోంది.