కౌంట్ తగ్గితే మంచిదేనా?

నేను పిల్లల ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రిపోర్టు కోసం కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లు ముందు అడిగేది, "తెల్లకణాలు ఎంత వచ్చాయమ్మా?" అనే. పెరిగితే ఇన్ఫెక్షన్, తగ్గితే నయమవుతోంది అని అందరి లెక్క. మొన్న ఒక తాతగారు రెండు సీబీపీ (రక్తకణాల లెక్క) కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, "నిన్న 18,000, ఇవాళ 3,000. దేవుడి దయ!" అని దణ్ణం పెట్టుకున్నారు. మనవడు పుట్టి వారం కాలేదు, ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఉన్నాడు. ఆ 3,000 చూసే, ప్రింటు తీయకముందే నేను వార్డుకి ఫోన్ చేశాను.

అప్పుడే పుట్టిన బిడ్డకి మైక్రోలీటరు రక్తంలో 9,000 నుంచి 30,000 దాకా తెల్లకణాలు ఉండటం మామూలే. పెద్దవాళ్ల 11,000 హద్దు పట్టుకుని కంగారుపడక్కర్లేదు. పసివాళ్లలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది తగ్గిన కౌంటే. రక్తంలోకి బ్యాక్టీరియా చేరగానే ముందు ఎదురెళ్లేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు. బ్యాక్టీరియాని మింగి చంపుతూ అవీ చచ్చిపోతాయి. కాబట్టి ఎముక మజ్జ నుంచి కొత్తవి వస్తూనే ఉండాలి. పసిబిడ్డల మజ్జలో, అందులోనూ నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, ఆ నిల్వ చాలా తక్కువ. ఇన్ఫెక్షన్ గట్టిదైతే గంటల్లోనే నిండుకుంటుంది.

అందుకే మెషిన్ ఇచ్చిన అంకెతో నేను ఊరుకోను. స్లైడ్ మీద రక్తం పూసి, లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసి, మైక్రోస్కోపు కింద నూనె చుక్కతో (ఆయిల్ ఇమ్మర్షన్) చూస్తాను. ఎదిగిన న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు ముక్కలుగా విడివడి, సన్నటి దారంతో కలిసి ఉంటుంది. మజ్జ గత్యంతరం లేక ఎదగనివాటిని కూడా పంపేస్తే, విడివడని వంకర కేంద్రకాలు కనిపిస్తాయి. వాటిని బ్యాండ్ సెల్స్ అంటాం. మొత్తం న్యూట్రోఫిల్స్‌లో ఇలా ఎదగనివి ఐదో వంతు దాటితే సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితి, ఉందన్న అనుమానం బలపడుతుంది. కణం లోపల ముదురు రంగు టాక్సిక్ గ్రాన్యూల్స్, చిన్న చిన్న ఖాళీలు ఉంటే ఇంకా. ఆ తాతగారి మనవడి స్లైడ్‌లో ఇవన్నీ ఉన్నాయి. తర్వాత కల్చర్‌లో (సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్ష) క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది.

మెషిన్ అంకెతో ఇంకో చిక్కుంది. పుట్టిన కొత్తలో రక్తంలో కేంద్రకం ఉన్న ఎర్రకణాలు కూడా తిరుగుతుంటాయి. చాలా మెషిన్లు వాటినీ తెల్లకణాల ఖాతాలోనే వేస్తాయి. 24,000 అని చూపించిన రక్తంలో, 100 తెల్లకణాలకు అలాంటివి 50 కనిపిస్తే అసలు కౌంట్ 16,000. సూది గుచ్చినప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా కౌంట్ కాసేపు పెరుగుతుంది.

మరి కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఇస్తే? నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలకు అలాంటి మందు ముందుగానే ఇచ్చి చూసిన బ్రిటన్ పరిశోధన ఒకటి 2009లో వచ్చింది. న్యూట్రోఫిల్స్ పెరిగాయి, కానీ సెప్సిస్ లేకుండా బతికి బయటపడ్డవాళ్లు పెరగలేదు. చదివినప్పుడు మనసు చివుక్కుమంది. పసివాళ్ల న్యూట్రోఫిల్స్‌కి ఇన్ఫెక్షన్ ఉన్నచోటికి చేరే చురుకు కూడా తక్కువే మరి.

కాస్త పెద్ద పిల్లల విషయంలో డాక్టర్ల లెక్కే మారింది. 2005 నాటి నిర్వచనంలో సెప్సిస్ అనాలంటే ఒంటి వేడి గానీ తెల్లకణాల కౌంట్ గానీ తేడాగా ఉండి తీరాలి. 2024లో వచ్చిన ఫీనిక్స్ ప్రమాణాల్లో ఆ కౌంటే లేదు. ఇన్ఫెక్షన్ ఉన్న పిల్లల్లో ఊపిరి, గుండె-రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టే తీరు, మెదడు ఎలా ఉన్నాయన్నదే చూస్తారు. పుట్టిన ఆసుపత్రిలోనే ఇంకా ఉన్న పసికందులకు, నెలలు నిండనివాళ్లకు అవి వర్తించవు.

సెప్సిస్ మొదలైన తొలి గంటల్లో సీబీపీ నార్మల్‌గా కూడా రావచ్చు. కాబట్టి బిడ్డ పాలు తాగడం మానేసినా, మత్తుగా పడి ఉన్నా, ఒళ్లు కాలినా చల్లబడినా, ఊపిరి ఎగబీలుస్తున్నా బయట ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చేదాకా ఆగకండి. వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.