మా చెల్లి, దూది, మైనం సంచి

మా చెల్లి ఎనిమిదో నెలలోనే పుట్టేసింది. నానమ్మ దాన్ని దూదిలో చుట్టి, వేడినీళ్ళ సీసాలకి గుడ్డ చుట్టి రెండు పక్కలా పెట్టి, అవి చల్లారగానే మారుస్తూ రాత్రంతా కూర్చునేదని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. అందుకేనేమో నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే ఎంబ్రేస్ అనే సంచి గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఒక క్లాస్ ప్రాజెక్ట్ అది. జేన్ చెన్, లైనస్ లియాంగ్, రాహుల్ పనిక్కర్, నాగానంద్ మూర్తి, నలుగురూ స్టూడెంట్సే. ఇలాంటి పిల్లల్ని వెచ్చగా ఉంచే హాస్పిటల్ పెట్టె, అదే ఇంక్యుబేటర్, అప్పట్లో 20,000 డాలర్లు, ఆ పని అందులో 1 శాతం కంటే తక్కువ ఖర్చుతో చెయ్యాలి. లైనస్ నేపాల్ వెళ్ళి చూస్తే హాస్పిటల్లో ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయట, ఎందుకంటే నెలలు నిండని పిల్లలు పుట్టేది ఊళ్ళలో, సిటీ దాకా తెచ్చేసరికే ఆలస్యమైపోతుంది. దాంతో మెషీన్ ఆలోచనే వదిలేసి చిన్న స్లీపింగ్ బ్యాగ్ లాంటిది చేశారు, లోపల మైనం లాంటి పదార్థం ఉన్న సంచి, ఒకసారి వేడి చేస్తే అది మెల్లగా గడ్డకడుతూ కొన్ని గంటలు 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. మన దేశంలో ఒక పల్లెటూరి తల్లికి చూపిస్తే, డాక్టర్ 37 పెట్టమన్నా నేను తగ్గించే పెడతాను, ఇంగ్లీష్ మందులు పవర్ ఎక్కువ కదా అందట! వెంటనే సంచి మీద వేడి ఎంతో చూపించే అంకెలు తీసేసి, వేడి సరిపోయిందా లేదా అన్నది మాత్రమే చూపించేలా మార్చేశారు. తర్వాత బెంగళూరు వచ్చేసి, 2012లో అమ్మకాల కోసం విడిగా కంపెనీ పెట్టారు.

ఇదంతా ఎందుకంటే, మా కాలేజీ బయోమెడికల్ జూనియర్స్ ఏదో ఒక కొత్త డివైస్ చేసి, ఫోన్ చేసి "అక్కా, పేటెంట్ ఫైల్ చేశాం, ఇక ఫండింగే" అంటారు. పేటెంట్ 20 ఏళ్ళే, అది కూడా ఫైల్ చేసిన రోజు నుంచే లెక్క, టెస్టింగ్, లైసెన్స్ అన్నీ అందులోనే అయిపోవాలి. అసలు కొనేది ఎవరు, వాడేది ఎవరు అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు, హాస్పిటల్ కొంటుంది కానీ చేత్తో పట్టుకునేది నర్సే కదా.

పోయిన నెల అలాంటి ఒక టీమ్‌ని పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళా. నర్సమ్మ వాళ్ళ డివైస్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని దేంతో కడగాలమ్మా?" అంది. ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇప్పుడు కేసింగ్ మొత్తం మళ్ళీ గీస్తున్నారు.