మూడు వారాల తరువాత తెలిసిన దెబ్బ

2025 ముక్కనుమ నాడు తొమ్మిదేళ్ల మనవడిని వెంటబెట్టుకుని మా కోనసీమ తీరానికి వెళ్లి, అక్కడ అద్దెకు తిప్పే నాలుగు చక్రాల ఏటీవీ బండి ఎక్కాను. అద్దెకిచ్చే కుర్రవాడు హెల్మెట్ అందించబోతే, ఇసుకలో పడితే తలకేమవుతుందిలే అని వద్దన్నాను. పిల్లవాడి తలకు సరిపోయే హెల్మెట్ వారి దగ్గర లేనే లేదు. అయినా వాడిని నా ముందు కూర్చోబెట్టుకున్నాను. ఆ తప్పు నాదే.

అలలు తడిపి గట్టిపరచిన ఇసుక మీద మలుపు తిప్పబోగా బండి ఒరిగిపోయింది. ఇలాంటి బండ్లలో చాలావాటికి వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి, మలుపులో నడిపేవాడు తన ఒంటి బరువును లోపలి వైపుకు మార్చుకోవాలనీ, ఒక్కరి కోసమే చేసిన సీటు మీద ఇద్దరు కూర్చుంటే అది సాధ్యం కాదనీ తరువాత తెలుసుకున్నాను. పిల్లవాడు పొడి ఇసుకలో పడి మోచేయి గీసుకుపోవడంతో బయటపడ్డాడు. నా తల ఎడమవైపు నేలకు తగిలి బొప్పి కట్టింది. స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు, అందువల్ల కొబ్బరినూనె రాసుకుని ఊరుకున్నాను.

రెండు వారాలు గడిచాక తెల్లవారుజామున మొద్దు తలనొప్పి మొదలైంది. కొబ్బరితోటలో దింపు, అంటే చెట్ల నుంచి కాయలు దించే పని, జరుగుతుండగా కాయల లెక్క రెండుసార్లు తప్పాను. నలభై ఏళ్లుగా తప్పని లెక్క అది. భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది రథోత్సవానికి బయలుదేరబోతుంటే మా ఆవిడ నా కాళ్ల వైపు చూసి, "ఏమండీ, కుడికాలి చెప్పు ఏదండీ?" అని అడిగింది. చెప్పు వాకిట్లోనే జారిపోయింది, నాకు తెలియనే లేదు. జవాబు చెప్పబోతే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అల్లుడు క్షణం ఆలస్యం చేయకుండా కారు తీసి, జొన్నాడ వంతెన మీదుగా రాజమహేంద్రవరం చేర్చాడు.

సీటీ స్కాన్‌లో పుర్రెకూ మెదడుకూ మధ్య ఎడమవైపు రక్తం పేరుకుని ఉంది. వయసు మీద పడేకొద్దీ మెదడు కొంత కుంచించుకుపోతుందనీ, దాని పైపొరల మధ్యనున్న సన్నని సిరలు సాగి బిగుసుకుంటాయనీ, కుదుపుకు అందులో ఒకటి తెగితే రక్తం ఊరుతూ వారాల తరబడి పేరుకోవచ్చనీ, గుండె కోసం నేను రోజూ వేసుకునే ఆస్పిరిన్ దానికి తోడై ఉండవచ్చనీ డాక్టరుగారు వివరించారు. ఆ రాత్రే పుర్రెకు రెండు రంధ్రాలు చేసి, నల్లగా మారిన రక్తాన్ని కడిగి తీసి, గొట్టం అమర్చి రెండు రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. మత్తు దిగాక మనవడి పేరు తడుముకోకుండా పలికానని మా అమ్మాయి ఏడ్చింది.

హెల్మెట్ ఉంటే ఇది జరిగేది కాదా అని అడిగాను. మెదడు కుదుపును హెల్మెట్ పూర్తిగా ఆపజాలదనీ, అయితే లోపలి థర్మోకోల్ లాంటి పొర నలిగిపోతూ దెబ్బను తనలోకి తీసుకుంటుందనీ, పుర్రెకు తగిలే బలం బాగా తగ్గుతుందనీ ఆయన దాపరికం లేకుండా చెప్పారు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదన్నది కూడా అప్పుడే విన్నాను. దవడ కింద పట్టీ బిగించకపోతే, పడేటప్పుడు తల నేలకు తగలకముందే హెల్మెట్ ఊడిపోవచ్చు. మా ఊళ్లో బైకుల మీద వెళ్లేవారిలో పట్టీ వేసుకునేవారు ఎంత తక్కువో ఇప్పుడు చూస్తుంటే గుండె దడదడలాడుతుంది.

కుడికాలిలో పట్టు రావడానికి నెలన్నర పట్టింది. ఉదయం కాలువ గట్టు మీద అల్లుడి భుజం పట్టుకుని నడిచేవాడిని. రెండో స్కాన్‌లో రక్తం మళ్లీ చేరలేదని తేలాక, ఐఎస్ఐ గుర్తున్న రెండు హెల్మెట్లు, ఒకటి చిన్న తలకు సరిపోయేది, కొని ఆ తీరంలోని కుర్రవాడికిచ్చి వచ్చాను. పిల్లలను మాత్రం ఆ బండి ఎక్కించవద్దని బతిమాలాను. తరువాతి దింపులో కాయలు మళ్లీ నేనే లెక్కపెట్టాను.