బండికి రొక్కమా, వాయిదాలా: కిస్తీ అంకె దాచేసే లెక్క

మోటార్‌సైకిల్ కొనడానికి షోరూమ్‌కి వెళ్తే ముందుగా వినపడే ప్రశ్న: "నెలకు ఎంత కట్టగలరు?" దానికి జవాబు చెప్పారంటే బేరం సగం చేజారినట్టే. నెలకు ఇంతని ఒక అంకె మీ నోటి నుంచి వచ్చాక, గడువు సాగదీసి ఏ బండినైనా అందులో ఇరికించవచ్చు. అందుకే ముందు బండి ధర తేల్చుకోండి, కాగితం మీద రాయించుకోండి. రొక్కమా ఫైనాన్సా అన్నది ఆ తర్వాతి మాట. రొక్కం అనగానే షోరూమ్‌వాళ్లు ధర తగ్గించేస్తారని చాలామంది అనుకుంటారు. చాలాచోట్ల అప్పు ఇప్పించినందుకు షోరూమ్‌కి ఫైనాన్స్ కంపెనీ నుంచి కమీషన్ వస్తుంది కాబట్టి, నోట్లు చూపించినంత మాత్రాన వాళ్లు కరిగిపోరు.

లెక్క సులువుగా ఉండటానికి అప్పు లక్ష అనుకుందాం. ఏ కరెన్సీ అయినా నిష్పత్తి ఒకటే. ఏటా 12 శాతం, తగ్గే బాకీ మీద వడ్డీ, అంటే ప్రతి కిస్తీ తర్వాత మిగిలిన అసలు మీదే వడ్డీ. 24 నెలల్లో తీర్చితే కిస్తీ 4,707, మొత్తం వడ్డీ 12,976. 36 నెలలైతే కిస్తీ 3,321, వడ్డీ 19,571. 60 నెలలకు వెళ్తే కిస్తీ 2,224కి దిగుతుంది, వడ్డీ మాత్రం 33,467కి ఎక్కుతుంది. 24 నెలల లెక్కతో పోలిస్తే కిస్తీ సగానికి తగ్గింది, వడ్డీ రెండున్నర రెట్లు దాటింది. బండి అదే.

ఇంతకంటే పెద్ద చిక్కు వడ్డీ చెప్పే పద్ధతిలో ఉంది. "పది శాతమే" అంటారు. ఫ్లాట్ పది శాతమా, తగ్గే బాకీ మీద పది శాతమా అని అడగాలి. ఫ్లాట్ అంటే మీరు సగం అసలు తీర్చేసినా, చివరి నెల దాకా మొత్తం లక్ష మీదే వడ్డీ వేస్తారు. మూడేళ్లకు 30,000 వడ్డీ కలిపి, 36తో భాగిస్తే కిస్తీ 3,611. తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే అది ఏటా 17.9 శాతం. అంటే ఫ్లాట్ 10 కంటే మామూలు 12 శాతం అప్పు మూడేళ్లలో పది వేలకు పైగా చవక. మూడేళ్ల ఫ్లాట్ రేటును 1.8తో హెచ్చిస్తే అసలు రేటు ఉజ్జాయింపుగా వస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడి నోటితో చేసుకోవడానికి ఆ గుణకారం చాలు.

ఇక్కడితో ఆగరు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ముందే కోసుకుంటే మీకు అందేది 98,000, వడ్డీ మాత్రం లక్ష మీద. మూడేళ్ల 12 శాతం అప్పు ఆ ఒక్క కోతతో 13.4 శాతమవుతుంది. అడ్వాన్స్ కిస్తీలది మరీ తెలివైన ఏర్పాటు. పైన చెప్పిన ఫ్లాట్ అప్పులోనే రెండు కిస్తీలు మొదటి రోజే కట్టించుకుంటే, నిజానికి మీ చేతికొచ్చింది 92,778, తీర్చాల్సినవి 34 కిస్తీలు. అసలు రేటు 20 శాతం దాటిపోతుంది. చెప్పింది మాత్రం పదే.

ఇదంతా సొంతంగా సరిచూసుకోవాలంటే ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా రేట్ (RATE) అనే ఫంక్షన్ ఉంటుంది. మొదట మిగిలిన కిస్తీల సంఖ్య, తర్వాత మైనస్ గుర్తుతో కిస్తీ మొత్తం, ఆపైన ఫీజులూ అడ్వాన్సులూ పోగా నిజంగా అందిన సొమ్ము. వచ్చిన నెలసరి రేటును 12తో హెచ్చించండి. ఫైనాన్స్ మనిషి చెప్పే శాతం ఏదైనా ఈ మూడు అంకెలు ఇస్తే చాలు, నిజం బయటపడుతుంది. అవి చెప్పడానికి నసిగితే అక్కడ అప్పు తీసుకోవద్దు.

"సున్నా వడ్డీ"ని కూడా ఇదే జల్లెడలో వేయండి. లక్ష బండికి రొక్కమిస్తే 5,000 తగ్గింపు ఉండి, వాయిదాలకు ఆ తగ్గింపు లేకపోతే, మీరు తీసుకున్న అప్పు 95,000. నెలకు 8,333 చొప్పున 12 నెలలు కట్టే ఆ "సున్నా" ఏటా 9.6 శాతం. తగ్గింపు ఇద్దరికీ ఒకటే అయి, ఫీజు ఏమీ లేకపోతే అప్పుడది నిజంగా సున్నా. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

రొక్కం చేతిలో ఉన్నవాళ్లకు షోరూమ్‌లో వినిపించే వాదన ఒకటుంది, వినడానికి భలే నమ్మకంగా ఉంటుంది. "మీ లక్ష 7 శాతం డిపాజిట్‌లో నెలనెలా చక్రవడ్డీకి ఉంచండి. మూడేళ్లలో 23,293 వడ్డీ వస్తుంది. 12 శాతం అప్పుకు మీరు కట్టే వడ్డీ 19,571. అప్పు తీసుకుంటేనే లాభం కదా!" అంకెలు రెండూ నిజమే. లెక్కే తప్పు. నెలనెలా 3,321 ఎక్కడి నుంచో రావాలి కదా, ఆ మాట ఎత్తరు. రొక్కమిచ్చి బండి కొన్నవాడు అదే 3,321ని నెలనెలా అదే 7 శాతానికి దాచుకుంటే మూడేళ్ల చివర అతని దగ్గర 1,32,625 ఉంటుంది. అప్పు తీసుకుని డిపాజిట్ కదపనివాడి దగ్గర 1,23,293. తేడా తొమ్మిది వేల పైచిలుకు, రొక్కం వైపే. డిపాజిట్‌కు వచ్చే రేటు అప్పుకు కట్టే అసలు రేటు కంటే తక్కువగా ఉన్నంత కాలం ఈ ఫలితం మారదు. దానికి ఒక షరతుంది: రొక్కం పెట్టి కొన్నాక కిస్తీ అంత సొమ్ము నెలనెలా దాచాలి. కిస్తీ లేదు కదా అని ఖర్చు చేసేస్తే ఈ లెక్క మీది కాదు.

రొక్కం చవకని తేలాక కూడా ఉన్నదంతా ఊడ్చి బండి మీద పెట్టడం తప్పు. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి. రిజిస్ట్రేషన్, బీమా, మంచి హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, మొదటి సర్వీసు దాకా డబ్బు మిగలాలి. ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్లు తర్వాత వచ్చిన చిన్న ఖర్చుకు క్రెడిట్ కార్డు గీకుతారు. బండి అప్పు కంటే ఆ అప్పు చాలా ఖరీదు. నా ఓటు సగం సగానికి. అర లక్ష డౌన్‌పేమెంట్ కట్టి, మిగతా అర లక్ష 12 శాతానికి 18 నెలలకు తీసుకుంటే కిస్తీ 3,049, మొత్తం వడ్డీ 4,884. లక్షను మూడేళ్లు లాగినప్పటి కిస్తీ కంటే తక్కువ, వడ్డీ దాదాపు నాలుగో వంతు. అప్పుల చరిత్ర అసలే లేనివాళ్లకు సకాలంలో తీర్చిన ఇలాంటి చిన్న అప్పు తర్వాత పనికొస్తుంది కూడా.

ముందే తీర్చేద్దాంలే అనుకుని పెద్ద అప్పు తీసుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. వడ్డీలో ఎక్కువ భాగం ముందు నెలల్లోనే పోతుంది. లక్షకు 12 శాతం లెక్కన తీసుకున్న ఆ 36 నెలల అప్పులో మొదటి ఏడాదే 10,416 వడ్డీ, సగానికి పైగా. రెండేళ్లయ్యాక మిగిలే బాకీ 37,383, దాని మీద రావాల్సిన వడ్డీ 2,474 మాత్రమే. ఆ రోజు ఫోర్‌క్లోజర్ ఛార్జి (గడువుకు ముందే అప్పు మూసేసినందుకు వేసే రుసుము) 4 శాతం వేస్తే 1,495 పోయి, మీకు మిగిలేది వెయ్యి లోపు. తీర్చే ఉద్దేశం ఉంటే మొదటి ఏడాదిలోనే తీర్చాలి. సంతకానికి ముందే ఎన్ని నెలల తర్వాత మూసేయొచ్చు, ఛార్జి ఎంత, మధ్యలో కొంత కొంత కట్టనిస్తారా అన్నది ఒప్పందంలో వెతకండి. ఫ్లాట్ అప్పుల్లో ముందుగా మూసినా పూర్తి గడువు వడ్డీ వసూలు చేసే షరతు ఉంటే, పెన్ను కింద పెట్టేయండి.

డౌన్‌పేమెంట్ లేని అప్పులో మరో గుంట ఉంది. బండి దొంగల పాలైనా, ప్రమాదంలో తుక్కైనా బీమా ఇచ్చేది తరుగు తీసేసిన విలువ, అదీ ముందు ఫైనాన్స్ కంపెనీకే. లక్షలో 15,000 రిజిస్ట్రేషన్, బీమాలకు పోయి బండి విలువ 85,000 అనుకోండి. ఏడాదికి 20 శాతం తరుగు తీస్తే 68,000. అదే 36 నెలల అప్పులో అప్పటి బాకీ 70,558. బండీ లేదు, బాకీ మిగిలింది. క్రాష్ గార్డులు, బాక్సులు కూడా అప్పులోనే వేయిస్తే గుంట ఇంకా లోతు. బండి ధరలో కనీసం ఐదో వంతు, దాంతోపాటు రిజిస్ట్రేషన్, బీమా ఖర్చులు చేతి నుంచి పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

కిస్తీ తేదీని జీతం పడిన మూడు నాలుగు రోజుల తర్వాతికి పెట్టించండి. జీతం ఒక్కరోజు ఆలస్యమై కిస్తీ బౌన్స్ అయితే ఫైనాన్స్ కంపెనీ ఒక ఛార్జి, బ్యాంకు మరో ఛార్జి వేయొచ్చు.

రొక్కమైతే నోట్ల కట్టలు మోసుకెళ్లకండి. షోరూమ్ ఖాతాకే బదిలీ చేయండి. సేల్స్‌మన్ సొంత ఖాతాకు వేస్తే రుజువు చేసుకోవడం కష్టం. బుకింగ్‌కు చిన్న మొత్తమే ఇచ్చి, మీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, తయారైన నెల కళ్లారా చూశాకే మిగతాది కట్టండి. పూర్తి సొమ్ము ముందే అందాక డెలివరీ ఆలస్యమైతే మీరు తొందరపెట్టడానికి చేతిలో ఏమీ ఉండదు.

అప్పుతో కొన్న బండి రిజిస్ట్రేషన్ పత్రంలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఎక్కుతుంది. చివరి కిస్తీ కట్టగానే ఆ పేరు దానంతట అది పోతుందనుకోవద్దు. ఎన్‌ఓసీ (అప్పు తీరింది, తమకు అభ్యంతరం లేదని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే పత్రం) తెప్పించుకుని, రిజిస్ట్రేషన్‌లోనూ బీమా పాలసీలోనూ హైపోథికేషన్ (బండి ఆ కంపెనీకి తాకట్టులో ఉందన్న నమోదు) తీయించాలి. ఎన్‌ఓసీకి గడువు తేదీ ఉంటే, అది దాటాక కొత్తది అడగాల్సి వస్తుంది. ఆటో డెబిట్ రద్దయిందో లేదో, రెండో తాళం కంపెనీ దగ్గర ఉండిపోయిందేమో కూడా అదే వారంలో చూసుకోండి.